కొండగుడికి ఒక ఉత్త శనివారం

విశాఖ పోర్టులో 34 ఏళ్ళు క్రేను నడిపాను. క్యాబిన్‌లోంచి తల తిప్పితే కొండ మీది మరియమ్మ గుడి, మేం కొండగుడి అనేది, కనపడేది. రాత్రి షిఫ్టులో ఆ దీపం వైపు చూసి సిలువ గుర్తు వేసుకున్నాకే లివరు మీద చెయ్యి వేసేవాణ్ణి. అయినా కొండ ఎక్కింది మాత్రం ఏడాదికొక్కసారే, డిసెంబరు 8న, నిష్కళంక మాత పండగనాడు. ఆ తోపులాటలో కొవ్వొత్తి వెలిగించడం, దండం పెట్టుకోవడం, దిగిపోవడం.

రిటైరై ఏడు నెలలైంది. ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ రోజుని ఎవరో ఒకరు కట్టి చేతికిచ్చేవారు. ఫలానా బెర్తు, ఫలానా ఓడ, ఇన్ని టన్నులు. ఇప్పుడు పొద్దున్నే లేస్తే ఏ పనీ నాకోసం ఎదురుచూడదు. టీవీ ముందు కూచోవడం, తినడం, పడుకోవడం. రాత్రి జపానికి మోకరించినప్పుడు ఆ రోజు గురించి దేవుడికి చెప్పుకోడానికి ఒక్క మాట దొరికేది కాదు. అది నన్ను లోపల్లోపల తినేసింది.

ఒకరోజు అక్క దగ్గర ఈ మాటే అన్నాను. అక్కకి 68 ఏళ్ళు. ఆవిడ ప్రతి శనివారం కొండకి వెళ్తుంది.

"శనివారం నాతోటి రారా. పండక్కి కాదు, ఉత్తినే," అంది.

జ్ఞానాపురంలో ఐదున్నరకి బయల్దేరాం. చెప్పులు ఇంటి దగ్గరే వదిలేశాం. చావులమదుం దాటి వన్‌టౌన్‌లోకి వచ్చేసరికి వెలుగు పడింది. శనివారం కాబట్టి సంతోష దేవరహస్యాలు, అంటే యేసు పుట్టుక, బాల్యం నాటి ఐదు ఘట్టాలు తలుచుకోవాలి. అక్క జపమాల చెప్తుంటే నేను అందుకుంటున్నాను. రెండో రహస్యం మరియమ్మ తన చుట్టం ఎలిజబెతమ్మను చూడబోవడం. అక్కడ అక్క ఆగిపోయింది.

"అమ్మ కొండసీమకి బేగి ఎల్లింది కదరా. ఎల్లి ఎన్నాళ్ళుంది?"

"మూడు నెలలు."

"ఆ మూడు నెలలూ ఏటి సేసింది?"

నేను చెప్పలేకపోయాను. సువార్తలో దేవదూత తెచ్చిన మంగళవార్త ఉంది, మరియమ్మ పాడిన స్తోత్రం ఉంది. ఆ మూడు నెలల గురించి మాత్రం లూకా ఒక్క వాక్యంతో సరిపెట్టాడు. ముసలితనంలో కడుపుతో ఉన్న ఆడమనిషి ఇల్లు. నీళ్ళు తోడి ఉంటుంది, పిండి విసిరి ఉంటుంది, పొయ్యి రాజేసి ఉంటుంది. దేవుని బిడ్డని కడుపులో మోస్తూ గిన్నెలు తోమి ఉంటుంది. ఇన్నేళ్ళు ఆ రహస్యం చెప్పుకున్నాను గానీ ఆ తొంభై రోజుల మీద నా చూపు ఎప్పుడూ పడలేదు. విక్టోరియా రాణిబొమ్మ దగ్గరికి వచ్చేదాకా ఇద్దరం మాట్లాడలేదు.

మెట్లెక్కాం. 1864లో రాస్ అనే దొర ఈ కొండ మీద ఇల్లు కట్టుకున్నాడు, తర్వాత అది గుడి అయింది. అందుకే దీన్ని రాస్ కొండ అంటారు. పక్కనే దర్గా కొండ, వేంకటేశ్వరస్వామి కొండ. మూడు కొండల వాళ్ళూ చూసేది ఓడలు పోర్టులోకొచ్చే ఒకే సముద్రపు కాలవని. ఎదురుగా డాల్ఫిన్స్ నోస్ కొండ, కింద నా బెర్తులు. అంత ఎత్తున నేను కూచున్న క్యాబిన్ ఇక్కణ్ణుంచి అగ్గిపెట్టెలా ఉంది. అందులో ఇప్పుడు వేరే కుర్రాడు కూచున్నాడు. గొంతులో ఏదో అడ్డుపడింది.

గుడిలో జనం పదిమంది కూడా లేరు. అమ్మ ముఖం నిదానంగా చూశాను. పరలోక జపం మొదలుపెట్టాను. "నానాటికి కావలసిన మా అన్నము మాకు నేటికి ఇవ్వండి" అన్న చోట నోరు ఆగింది. నేటికి. రేపటికి కాదు, ఈ మిగిలిన ఆయుష్షు మొత్తానికీ కాదు. ఎడారిలో ఇశ్రాయేలీయులకి దేవుడు కురిపించిన మన్నా కూడా అంతే. ఏ రోజుది ఆ రోజే ఏరుకోవాలి, దాచుకుంటే పురుగు పట్టేది. నేనేమో మిగిలిన జీవితమంతటికీ అర్థం ఒక్కసారిగా చూపించమని ఏడు నెలలుగా అడుగుతున్నాను.

లేచి చూస్తే అక్క బయట కొవ్వొత్తుల దగ్గర చతికిలబడి ఉంది. సంచిలోంచి పాత అట్లకాడ తీసి, ఇనప తట్టకి గడ్డకట్టిన మైనాన్ని గీకుతోంది. ఎవరూ చెప్పలేదట. పదేళ్ళుగా చేస్తోందట. ప్రతి డిసెంబరూ నేను కొవ్వొత్తి నిలబెట్టి వెళ్ళిన తట్ట అదే. పక్కన కూచుని నేనూ గీకాను.

మా పెద్దలకి విశ్వాసం నేర్పిన గురువులు 1846లో సవోయ్ దేశపు అన్నెసీ నుంచి విశాఖ వచ్చారు. పునీత ఫ్రాన్సిస్ ది సేల్స్ పేరు పెట్టుకున్న సభ వాళ్ళది. భక్తి మఠాల్లో ఉండేవాళ్ళకే కాదు, సిపాయికీ, పనివాడికీ, ఇల్లాలికీ ఎవరి చోట వాళ్ళకే అన్నది ఆ పునీతుడి బోధ. చిన్నప్పుడు ఉపదేశి గారు చెప్తే విన్నాను. మైనం గీకుతుంటే గుర్తొచ్చింది.

దిగి వచ్చాక ఒక నోటుబుక్కు కొన్నాను. పొద్దున ప్రార్థన అవ్వగానే ఆ రోజు దేవుడి కోసం చేసే పని ఒకటి రాస్తాను. ఒక్కటే. రాత్రి ఆత్మశోధనప్పుడు తెరుస్తాను, షిఫ్టు దిగేటప్పుడు రిలీవర్‌కి లాగ్‌బుక్కు అప్పగించినట్టు. ఎదురింటి మామ్మని కంటి డాక్టరుకి చూపించాను. మనవడికి ఎక్కాలు మొదలుపెట్టాను. కొన్ని రోజులు ఖాళీగానే ఉన్నాయి, ఆ ఖాళీనే చూపించి క్షమించమని అడిగాను. ఒక పని మూడుసార్లు రాసి మూడుసార్లు తప్పించుకున్నాను. నాకు హెల్పరుగా చేసిన కుర్రాణ్ణి ఒకప్పుడు అందరి ముందూ నోటికొచ్చినట్టు తిట్టాను, తప్పు నాది. నాలుగోసారి మల్కాపురం వెళ్ళాను. ఇంట్లో లేడు. వాళ్ళావిడ మంచినీళ్ళిచ్చింది. మళ్ళీ వెళ్ళాలి.

మొన్న శనివారం అక్కకి మోకాలు వాచింది. గుమ్మంలోకి వచ్చి అట్లకాడ నా చేతిలో పెట్టింది.

"మూలల్లో బాగా గీకు. అక్కడే పేరుకుంటాది," అంది.

ఐదున్నరకి ఒక్కణ్ణే బయల్దేరాను.