నడుం నొప్పి అని రాయించుకోలేదు

నిన్న పొద్దున మళ్లీ డ్యూటీలో చేరాను, పనితో లోపల అరిగిపోయి పెట్టిన నలభై అయిదు రోజుల మెడికల్ లీవు తర్వాత. ఫిట్‌నెస్ సర్టిఫికెట్ ఇచ్చి, జాయినింగ్ రిపోర్టు మీద ఇన్‌వర్డ్ ముద్ర వేయించుకుని, దాని జిరాక్స్ బ్యాగులో పెట్టుకున్నాకే వార్డు మెట్లెక్కాను. ఈ రెండు నెలల్లో పడ్డదంతా వేడి చల్లారకముందే రాసేద్దామని కూర్చున్నాను.

నేను ఓరుగల్లు వైపు ఒక సర్కారు దవాఖానలో, మానసిక రోగుల వార్డులో నర్సును. కాగితాల మీద ఇప్పుడు నర్సింగ్ ఆఫీసర్ అంటున్నారు, వార్డులో మాత్రం సిస్టర్‌నే. పదకొండేళ్ల సర్వీసులో ఎనిమిదేళ్లు ఈ వార్డులోనే గడిచాయి. నా షిఫ్టులో ఒక్క పేషెంటు కూడా చెప్పకుండా గేటు దాటి పోలేదు. వేరే దారి లేనప్పుడు తప్ప, అదీ సైకియాట్రిస్ట్ చెబితే తప్ప మనిషిని మంచానికి కట్టకూడదని, కడితే ఎందుకు కట్టామో ఎంతసేపు కట్టామో రాయాలని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చెబుతుంది. నా డ్యూటీలో ఆ రిజిస్టర్ ఒక్కసారి కూడా తప్పలేదు. ఇది గొప్పగానే చెప్పుకుంటున్నాను. ఎందుకంటే పని చేతగాని వాళ్లే అలసిపోతారని చాలామంది అనుకుంటారు.

మా వార్డు ఎట్లుంటుందో తెలియని వాళ్లకు రెండు మాటలు. కల్తీ కల్లుకు అలవాటు పడి, అది దొరక్క ఫిట్స్ వచ్చి, గోడల మీద పురుగులు పాకుతున్నాయని అరుస్తూ వచ్చేవాళ్లు ఉంటారు. ఆ కల్లులో కలిపే ఆల్ప్రజోలం, డైజిపామ్ అనే మత్తుమందులు ఒక్కసారిగా ఆగితే ఒళ్లు అట్లా తిరగబడుతుంది. పత్తిచేనుకు కొట్టే మందు తాగి, మెడిసిన్ వార్డులో బతికి బయటపడి మా దగ్గరికి వచ్చేవాళ్లు ఉంటారు. వాళ్లను పావుగంటకోసారి చూసి సంతకం పెట్టాలి. చున్నీ, లంగా నాడా, సెలైన్ పైపు, ఏదీ వాళ్ల దగ్గర ఉండనివ్వకూడదు. తెల్లారేదాకా ఆ పావుగంటలు లెక్కపెట్టడం ఒక్కటే చాలు, ఇంటికి పోయినా నిద్ర పట్టదు. పడుకున్న భర్త ఊపిరి తీస్తున్నాడా లేదా అని నేను అర్ధరాత్రి లేచి చూసేదాన్ని.

మేడారం జాతర డ్యూటీలకు మా వార్డు నుంచి ఇద్దరిని పంపారు. జాతర అయిపోయినా ఒకరే తిరిగొచ్చారు. నాకు వరుసగా ఏడు నైట్లు పడ్డాయి, అన్నీ ఒంటరిగానే. మూడో నైట్‌లో ఒకతను నా జడ పట్టుకుని గోడకేసి కొట్టాడు. తప్పు అతనిది కాదు, అప్పటికి అతనికి నేను మనిషిలా కనబడడం లేదు. రిపోర్టు రాశాను, నుదుటికి ఐస్ పెట్టుకున్నాను, ఆరింటికి బీపీలు చూశాను. పొద్దున హ్యాండోవర్‌లో ‘పేషెంటుకేం కాలేదు కదా’ అని అడిగారు. నన్ను ఎవరూ అడగలేదు.

ఆరో రాత్రి మూడు గంటలప్పుడు చివరి మంచం మీది అవ్వ కిందికి దిగి, గోడ పట్టుకుంటూ నల్లా దగ్గరికి పోయి, దోసిలి పట్టి నీళ్లు తాగుతోంది. నేను పది అడుగుల దూరంలో కుర్చీలోనే ఉన్నాను. నన్ను పిలవొచ్చు కదా అని గట్టిగా అన్నాను. “నిన్ను పిలిస్తె కోపం చేస్తవు బిడ్డా, అందుకే నేనే తాగొస్తున్న” అంది. ముంజేతుల నుంచి నీళ్లు కారుతున్నాయి. అప్పటికి రెండు వారాలుగా నేను ఆమెను పేరుతో పిలవడం మానేశానని, పద్నాలుగో నంబరు అని పిలుస్తున్నానని ఆ క్షణంలో గుర్తొచ్చింది. ఏడుపు వస్తే బాగుండేది. అది కూడా రాలేదు.

అదే రాత్రి ఎన్ని వందల ఇళ్ల వాళ్లకు చీటీ మీద రాసిచ్చానో ఆ 14416 నంబరుకు నేనే చేశాను. టెలి మానస్, మనసు బాగోలేని వాళ్లకు సర్కారు నడిపే ఫోన్ లైను. తెలుగులోనే మాట్లాడారు, నిదానంగా విన్నారు, డాక్టరును కలవమన్నారు. మా దగ్గర ఎమ్మెస్సీ చదివిన చెల్లె ఒకామె బర్నౌట్, అంటే పనితో మనిషి లోపల అరిగిపోవడం, ఎంత ఉందో కొలిచే పేపరు చూపించింది, క్రిస్టినా మాస్లాక్ అనే సైకాలజిస్టు పేరు మీది 22 ప్రశ్నలది. అలసట, మనుషుల మీద మనసు విరగడం, చేసే పనికి విలువ లేదనిపించడం, ఆ ప్రశ్నలన్నీ ఈ మూడింటి చుట్టూ తిరుగుతాయి. పెన్ను పెట్టకముందే జవాబులు తెలిసిపోయాయి.

హనుమకొండలో ఒక ప్రైవేటు సైకియాట్రిస్ట్ దగ్గరికి వెళ్లాను. సొంత వార్డు డాక్టరు ముందు కూర్చోవడం నావల్ల కాలేదు. ఆయన మంచివాడు. “సిస్టర్, మీది బర్నౌటే. కానీ అట్ల రాస్తే మీ ఆఫీసుల చెల్లదు” అన్నాడు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో బర్నౌట్‌ను ఐసీడీ-11 అనే తన జబ్బుల జాబితాలో వివరంగానే చెప్పింది కానీ, రోగంగా కాదు, ఉద్యోగం వల్ల వచ్చే పరిస్థితిగా చెప్పింది. రోగం పేరు లేకుండా మెడికల్ లీవు రాదు. నా నిద్ర, ఆకలి, చేతుల వణుకు అన్నీ చూసి అడ్జస్ట్‌మెంట్ డిజార్డర్, అంటే ఒత్తిడికి మనసు తట్టుకోలేక వచ్చే జబ్బు, అని రాసి, నలభై అయిదు రోజులు విశ్రాంతి కావాలన్నాడు. అందులో అబద్ధం ఏమీ లేదు.

ఇక్కడిదాకా మూడు రోజులు. ఇక్కడి నుంచి లీవు సాంక్షన్ అయ్యేదాకా పంతొమ్మిది రోజులు.

లీవు కాగితాలు చూసే ఆఫీసు సెక్షన్‌లో సీనియర్ అసిస్టెంట్ ఒకాయన ఉన్నాడు. దరఖాస్తు తీసుకుని, సర్టిఫికెట్‌ను వెలుగులోకి పట్టుకుని, నాలుగు టేబుళ్ల అవతలికి వినపడేటట్టు చదివాడు. “ఏంది సిస్టర్, డిజార్డరా? మెంటల్ డాక్టరు రాసిండు? ఆ వార్డుల చేసి చేసి నీగ్గూడ అంటుకున్నదా ఏంది?” జీపీఎఫ్ పని మీద వచ్చిన ఫార్మసిస్టు, టపాలు తెచ్చిన అటెండరు, ఇద్దరూ నావైపు తిరిగారు. ఆయన నవ్వాడు. నిజం చెప్పాలంటే ఆయన చెడ్డగా అనాలని అనలేదు, అదే నాకు ఎక్కువ కోపం తెప్పించింది. గొంతు తగ్గించి, “నడుం నొప్పి అని రాయించుకొని రాపో. రెండు రోజుల్ల సాంక్షన్ చేపిస్త” అన్నాడు.

ఇంటికి వచ్చాక మా ఆయన కూడా అదే మాట. “రాయించుకుంటె ఏమైతది? ఎవరికి నష్టం?” తోటి సిస్టర్లయితే టైఫాయిడ్ బెటర్ అక్కా అన్నారు. వాళ్లంతా నా మంచి కోరే చెప్పారు. కానీ ఎనిమిదేళ్లుగా నేను రోజూ ఏం చెబుతున్నాను? బిడ్డకు జబ్బుందని దాచకండి, గాలి సోకిందని తిప్పకండి, బీపీ షుగర్ లాగే ఇదీ జబ్బే అని పరకాల నుంచి, భూపాలపల్లి నుంచి వచ్చిన తల్లులకు చెబుతున్నాను. నాదాకా వచ్చేసరికి నడుం నొప్పి అని రాయించుకుంటే రేపు ఆ తల్లుల మొహం ఎట్లా చూడాలి? రాయించుకోనన్నాను. ఆ రాత్రి మా ఇంట్లో ఎవరూ సరిగా అన్నం తినలేదు.

రెండోసారి వెళ్తే ఫైలు కదల్లేదు, పెద్దసారు మీటింగుకు హైదరాబాద్ పోయాడన్నారు. మూడోసారి కొత్త ప్రశ్న పుట్టింది. “ఇంజక్షన్ల బీరువా తాళం మీ చేతిల ఉంటది. మెంటల్ అని రికార్డుల ఎక్కినంక మళ్ల మీకు తాళాలు ఎట్లియ్యాలె?” దీనికి నా దగ్గర జవాబు ఉంది, కానీ నోరు పెగల్లేదు. పెద్ద పెద్ద కేసుల్లో పోలీసుల ముందు మాట్లాడిన దాన్ని, ఆ టేబుల్ ముందు నిలబడి చీర కొంగు నలుపుకుంటూ ఉండిపోయాను. అరిగిపోయి, అలసిపోయానని ముందే చెప్పుకున్న మనిషి చేతిలో ఉన్న తాళం ప్రమాదమా, చెప్పకుండా నెట్టుకొస్తున్న మనిషి చేతిలో ఉన్నది ప్రమాదమా? ఆ రోజు అడగలేకపోయిన ప్రశ్న ఇది.

నాలుగోది మెమో. ఇంకో సర్కారు దవాఖానలో రెండో అభిప్రాయం తీసుకురమ్మని. అట్లా అడిగే అధికారం వాళ్లకు ఉంది, కాదనను. కానీ ఆ మెమోకు కవరు లేదు. అటెండరు దాన్ని వార్డుబాయ్‌కి ఇచ్చాడు, వార్డుబాయ్ నర్సుల టేబుల్ మీద పెట్టాడు. నేను వెళ్లేసరికి నా పేరు, దాని కింద ‘మానసిక స్థితి నిర్ధారణ నిమిత్తం’ అన్న మాట, ఆ మాట మీద టీ గ్లాసు పెట్టిన గుండ్రటి మరక. తడి ఇంకా ఆరలేదు. అంటే దాని మీద గ్లాసు పెట్టుకుని, టీ తాగుతూ, ఎవరో చదివారు. సాయంత్రానికి క్యాంటీన్‌లో డబ్బులు తీసుకునే పిల్లాడు కూడా నాతో కొంచెం మెల్లగా మాట్లాడాడు.

2017 చట్టంలో 23వ సెక్షన్ రోగి వివరాలు బయట పెట్టకూడదని వైద్యం చేసేవాళ్లకు చెబుతుంది. పేషెంట్ల కేసుషీట్లు మేము ప్రాణంలా దాస్తాం. మా కాగితాలకు మాత్రం ఒక కవరు కూడా కరువు. కాబట్టి మీకెవరికైనా ఈ అవసరం వస్తే మొదటి రోజే సర్టిఫికెట్‌ను కవర్లో పెట్టి, అంటించి, పైన కాన్ఫిడెన్షియల్ అని రాసి, ఆఫీసరు పేరు మీదే ఇవ్వండి. దరఖాస్తులో రోగం పేరు రాయకండి, ‘సర్టిఫికెట్ జతపరిచాను’ అంటే చాలు. ఇన్‌వర్డ్ నంబరు లేకుండా ఆ గది నుంచి కదలకండి.

రెండో అభిప్రాయానికి వెళ్లిన రోజు ఓపీలో బెంచీ మీద కూర్చున్నాను. చేతిలో చీటీ, నంబరు ముప్పై ఒకటి. కొంగు తల మీదికి లాక్కుని గోడవైపు తిరిగాను. అయినా ఒకామె గుర్తుపట్టింది. రెండేళ్ల కింద ఆమె కొడుకు మా వార్డులో ఇరవై రోజులు ఉన్నాడు. “సిస్టరమ్మా, నువ్వు లైన్ల కూసున్నవేంది?” అంది. ఆ ఓపీలో అందరూ విన్నారు. ఏం చెప్పాలి? చుట్టాలామెతో వచ్చానని చెబుదామని నోటిదాకా వచ్చింది. “నాకే మంచిగ లేదమ్మా, చూపించుకోనీకి వచ్చిన” అన్నాను.

ఆమె నోటి మీద చెయ్యి వేసుకోలేదు, అయ్యో అనలేదు. పక్కనున్న సంచి తీసి ఒళ్లో పెట్టుకుని, “ఇటు జరుగు, ఆడ ఎండ కొడ్తున్నది” అంది. స్టీలు డబ్బాలోంచి సర్వపిండి ముక్క తుంచి ఇచ్చింది. “నువ్వు నా కొడుక్కు చెప్పినవు గదా, గోలీలు మధ్యల ఆపొద్దని. నువ్వు గూడ ఆపకు” అంది. అన్నాళ్లూ రాని ఏడుపు అక్కడ, ఆ బెంచీ మీద వచ్చింది. నంబరు పిలిచేదాకా ఆగలేదు. లోపల డాక్టరు అయిదు నిమిషాల్లో మొదటి డాక్టరు రాసిందే రాశాడు.

మూడు రోజులకు కమ్యూటెడ్ లీవు సాంక్షన్ అయింది. జీతం పూర్తిగా వస్తుంది, అర్ధజీతపు లీవు ఖాతాలోంచి మాత్రం రెట్టింపు, అంటే తొంభై రోజులు పోతాయి. ఏడాదికి ఇరవై చొప్పున పదకొండేళ్లవి ఉన్నాయి కాబట్టి సరిపోయింది. మాతో సమానంగా నైట్లు చేసే అవుట్‌సోర్సింగ్ పిల్లలకు ఈ ఖాతానే లేదు. వాళ్లు అలసిపోతే ఉద్యోగం మానుకోవడమే. నా బాధ కంటే అదే ఎక్కువ గుచ్చుతోంది.

లీవులో గొప్ప పనులేమీ చేయలేదు. మొదటి పది రోజులు పడుకున్నాను. తర్వాత సాయంత్రాలు భద్రకాళి చెరువు కట్ట మీద నడిచాను. మందులు వేళకు వేసుకున్నాను.

చేరేముందు మేట్రన్ మేడంను కలిసి మూడు కోరికలు కాగితం మీద పెట్టి ఇచ్చాను. వరుసగా మూడు నైట్ల కంటే వేయొద్దు, వార్డులో రాత్రి ఒక్కరినే ఉంచొద్దు. దెబ్బలు తగిలినా, పేషెంటు ఏమైనా చేసుకున్నా, అదే షిఫ్టు అయ్యేలోపు ఆ నర్సును కూర్చోబెట్టి పావుగంట మాట్లాడాలి. ఏడాదికోసారి వార్డు మార్చాలి. మొదటిదానికి సరే అన్నారు, రాత్రికి రెండో మనిషిని ఇచ్చేలోపు పక్క వార్డు నుంచి గంటకోసారి ఒకరు వచ్చి చూసి పోతారన్నారు. రెండోది మీరే మొదలు పెట్టండి అన్నారు. మూడోది చూద్దాం అన్నారు, చూడరు.

ఏటా మే 12న నర్సుల దినోత్సవానికి ఎవరినో పిలిచి ఒత్తిడి తగ్గించుకోవడం ఎలా అని గంట చెప్పిస్తారు. ఊపిరి తీసి వదలడం మంచిదే, నేనూ చేస్తున్నాను. కానీ నైట్ ముగించుకుని ఆ హాల్లో కూర్చున్న పిల్లకు కావాల్సింది ఆ గంట నిద్ర. మనిషి విరిగిపోవడానికి కారణం డ్యూటీ చార్టులో ఉంటే, మందు కూడా డ్యూటీ చార్టులోనే వేయాలి.

నిన్న హ్యాండోవర్‌కు వెళ్లేసరికి నైట్ చేసిన చిన్నపిల్ల, చేరి ఏడాది కూడా కాలేదు, ఎడమ చెయ్యి కొంగు కింద పెట్టుకుని రిపోర్టు చెబుతోంది. మోచేతి కింద పంటి గాటు. కడిగి, టీటీ వేయించుకుందట, రిజిస్టర్‌లో కూడా రాసిందట. పోతా అక్కా, జనగామ బస్సుకు టైమైంది అంది. కూర్చో అన్నాను. డ్రెస్సింగ్ రూం తలుపు దగ్గరికి వేసి, ఎట్లా జరిగిందో మొదటి నుంచి చెప్పు అన్నాను. ముందు అయిదు నిమిషాలు పేషెంటు గురించే చెప్పింది. తర్వాత తన గురించి చెప్పింది. పావుగంట అనుకున్నది నలభై నిమిషాలయింది. బస్సు పోయింది. ఇంకో బస్సుకు వెళ్తూ, ఈ రాత్రి తనకు డ్యూటీ ఉందా అని అడిగింది. చార్టు తీసి చూశాను. ఉంది. పెన్సిల్‌తో కొట్టేసి అక్కడ నా పేరు రాసి, సంతకం కోసం మేట్రన్ మేడం గదికి తీసుకెళ్లాను.