ఫైనల్ ఎగ్జిట్ కొట్టియ్యాల్నా, ఇంకో రెండేండ్లు ఉండాల్నా

ఇకామా, అంటె సౌదీల ఉండనిచ్చే కార్డు, రెన్యూవల్ దగ్గరికొచ్చిందంటె మా రూముల ఒకటే ముచ్చట, ఫైనల్ ఎగ్జిట్ కొట్టి పూర్తిగ ఇంటికి పోదామా ఉందామా అని. ఈసారి నాకు నిజంగనే నిద్ర పడ్తలేదు, అందుకే రాస్తున్న.

సూపర్వైజర్ అయినంక ఫ్యామిలీ వీసా వచ్చి మావోళ్లు కూడ దమ్మామ్ లనే ఉండిరి. 2017 జులై కెల్లి సౌదీ గవర్నమెంట్ డిపెండెంట్ ఫీజు పెట్టింది, తలకు నెలకు 100 రియాల్స్, ఏడాదికో వంద పెంచుకుంట పోయి 2020 కల్ల 400 చేసిండ్రు. ఇంటామె, ఇద్దరు పిల్లలు, ముగ్గురికి లెక్కేస్తె ఏడాదికి 14,400 రియాల్స్, అదీ నెలనెలా కాదు, అప్పట్ల ఇకామా రెన్యూవల్ అప్పుడు ఒక్కటే దెబ్బకు కట్టాల్సొచ్చేది. ఏడికెల్లి తేవాలె? 200 అయిన ఏడాదే పంపించేసిన. మా బిల్డింగుల మనోళ్లు, మలయాళీలు అందరు ఒకరెన్క ఒకరు సోఫాలు, వాషింగ్ మిషన్లు అమ్మకానికి పెట్టిండ్రు, కొనేటోడు లేక కొందరు బకాలా (కిరాణం దుకాణం) ఆయనకు ఊకెనే ఇచ్చిపోయిండ్రు. రెండేండ్లు బ్యాచిలర్ గ ఉండి నేను కూడ పోదామనుకున్న. మొదలు ఇంటి స్లాబు అన్నం, తర్వాత చెల్లె పెండ్లి, ఆ తర్వాత కరోనా, ఆ కరోనాలనే వ్యాట్ 5 నుంచి 15 శాతం చేసిండ్రు, మిగిలేది ఇంక తక్కువాయె.

సర్వీస్ పైసల కోసం, అంటె నౌకరి ఇడిసేటప్పుడు కంపెనీ ఇచ్చే పైసల కోసం, ఆగుతున్నవా అంటరు కొందరు. ఇక్కడి లేబర్ లా ప్రకారం మొదటి ఐదేండ్లకు ఏడాదికి సగం నెల జీతం, ఆ తర్వాత ఏడాదికో నెల జీతం. మనంతట మనం రాజీనామా చేస్తె పదేండ్లు నిండితెనే మొత్తం ఇస్తరు, లేకుంటె కోత. నాకు పది దాటినయి, కాబట్టి ఆ భయం లేదు. అసలు మనల్ని ఆపేది రియాల్ రేటు. నేనొచ్చిన కొత్తల 12 రూపాయలుండె, ఇప్పుడు 22 దాటింది. టీవీల రూపాయి పడిపాయె అని వాళ్లు మొత్తుకుంటుంటె ఇక్కడ మాకు పండుగ, అందరు ఫోన్లు తెరిచి ఇంటికి పైసలు కొట్టుడే. జీతం పెరగకున్నా పెరిగినట్టు కొడ్తది, గదే మనల్ని ఇక్కడ కూసోబెట్టింది అంట నేను.

పోయినసారి లీవుకు పోతె ట్యాంకు నిండి నీళ్లు పారుతున్నయి, మోటరు బందు చేద్దామని బోర్డు కాడికి పోయిన. ఒకటి నొక్కితె దేవునర్ర లైటు పోయింది, ఇంకోటి నొక్కితె ఫ్రిజ్జు. మా బిడ్డ వచ్చి "అది ఇక్కడ కాదు డాడీ, మెట్ల కింద" అని పోయి బందు చేసొచ్చింది. ఆ ఇంటికి ఇటుక ఇటుకకు పైసలు పంపినోన్ని నేను! ఎవరి తప్పు లేదు, వాళ్లు నేను లేకుంట నడుపుకొనుడు నేర్సుకున్నరు, మంచిగనే నడుపుతున్నరు. వచ్చేస్త అంటె ఇంటామె సంబురపడ్డది గాని రెండో మాట "వచ్చి ఏం జేస్తరు" అనే అన్నది.

సరిగ్గనే అడిగింది. బాపు పసుపు ఏస్తడు. 2025 జనవరిల నిజామాబాద్ ల పసుపు బోర్డు షురూ అయిననాడు మా రూములోళ్లు స్వీట్లు పంచిండ్రు. అయినా అది తొమ్మిది నెలల పంట, తవ్వుడు, ఉడకబెట్టుడు, ఆరబెట్టుడు, కూలోళ్లు దొరుకుతలేరు, రెండెకరాల మీద ఇద్దరు పిల్లల ఫీజులు ఎల్లవు. వాపస్ పోయి కారు కొని కిరాయికి తిప్పినోళ్లను చూసిన, కిస్తీలు ఎల్లక మళ్ల వీసా కోసం ఏజెంటు కాడికే పోయిండ్రు.

నాకున్నది చేతిల పని, పెద్ద బిల్డింగుల ఏసీ మిషన్ల పని, చిల్లర్లు, కంప్రెసర్లు. గచ్చిబౌలి దిక్కు ఆ అద్దాల బిల్డింగులన్నీ గవ్వి లేకుంటె నడువయి. జీతం ఇక్కడి దాంట్ల సగం కూడ రాకపోవచ్చు, తెల్సు. ఇక్కడ జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాక పగలు 12 నుంచి 3 వరకు ఎండల పని బంద్ అని రూలున్నది, కాని పొద్దుగాల 11 గంటల ఎండకు ఆ రూలు తెల్వదు కదా. ఆ ఎండల టెర్రస్ మీద నేర్సుకున్న పనికి ఇయ్యాల విలువ ఉన్నది, 55 వచ్చి మోకాళ్లు పోయినంక ఎవడిస్తడు నౌకరి? కంపెనీ పంపిచ్చేదాక ఉన్నోళ్లు ఇప్పుడు షుగరు గోళీలు పట్టుకొని గద్దె మీద కూసుంటున్నరు. పొయ్యేదుంటె ఓపిక ఉన్నప్పుడే పోవాలె, సరిపోను సంపాయించినంక పోత అనేది ఉట్టి ముచ్చట.

ఇంటామెతోని ఒక మాట అయింది, పిల్లగాని ఇంటర్ అయ్యేదాక వాళ్లు ఊళ్లెనే ఉంటరు, నేను హైదరాబాద్ ల రూము తీస్కొని వారం వారం పోయి వస్త. నౌకరి ఖాయమైతెనే ఇక్కడ ఎగ్జిట్ అడుగుత. బాపుకు ఇంకా చెప్పలే, చెప్తె "కంపెనీ ఎల్లగొట్టిందా" అనే అడుగుతడు, తనంతట తాను సౌదీ ఇడిసొచ్చినోన్ని ఆయన చూడలేదాయె. గచ్చిబౌలిల పాత దోస్తు ఒకడు రెజ్యూమె పంపు అన్నడు. రేపు శుక్రవారం, సెలవు. కూసొని రాయాలె, ఆఖరుసారి నాది టైపు చేసిచ్చింది జగిత్యాల ఇంటర్నెట్ సెంటరాయన.