మ్యారేజ్ సర్టిఫికెట్ పని పెండ్లికార్డు దగ్గరే మొదలు

వరంగల్, హనుమకొండ వైపు మ్యారేజ్ సర్టిఫికెట్‌కు తిరిగేవాళ్ల చిక్కుల్లో చాలామటుకు సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో పుట్టినవి కావు, ప్రింటింగ్ ప్రెస్‌లో పుట్టినవి. కార్డు మీద "చి|| బన్నీ" అని ఉంటుంది. పదో తరగతి మెమోలో ఇంటిపేరు ముందు, పూర్తిగా ఉంటుంది. ఆధార్‌లో అదే ఇంటిపేరు ఒక్క అక్షరానికి కుదించుకుపోతుంది, పాస్‌పోర్టులో చివరికి జరుగుతుంది. చుట్టాలకు బన్నీ అంటేనే తెలుస్తుంది, నిజమే. కాగితాలు చూసేవాళ్లకు మాత్రం వీళ్లు నలుగురు మనుషులు. ముద్దుపేరు వేసుకోండి, కాదనేవారెవరు? కానీ మెమోలో ఉన్న పేరు పక్కనే ఉండాలి. కార్డు వెనకవైపు ఇంగ్లిష్‌లో కూడా వేయిస్తే స్పెల్లింగ్ గొడవ అక్కడికే తేలిపోతుంది.

పేరు తర్వాత ముహూర్తం. మన దగ్గర అర్ధరాత్రి దాటిన లగ్నాలు మామూలే. కార్డు మీద "19 గురువారం రాత్రి 2-36 ని||లకు (తెల్లవారితే శుక్రవారం)" అని ఉంటుంది. పంచాంగం ప్రకారం రోజు సూర్యోదయంతో మారుతుంది కాబట్టి అయ్యగారు రాసింది ఒప్పే. రిజిస్టర్‌లో తేదీ మాత్రం రాత్రి 12 గంటలకే మారిపోతుంది. అంటే తాళి కట్టింది 20న. అబ్బాయి వీసా ఫారంలో 19 అని, అమ్మాయి సర్టిఫికెట్ అప్లికేషన్‌లో 20 అని నింపితే ఒకే పెండ్లికి రెండు తేదీలు తయారవుతాయి. 20 అని ఖాయం చేసుకుని, ఆ తర్వాత నింపే ప్రతి ఫారంలో ఇద్దరూ అదే రాయాలి.

ఇక ఏ చట్టం కింద పోవాలన్నది. ఇద్దరూ హిందువులైతే 1955 హిందూ వివాహ చట్టం. బౌద్ధులు, జైనులు, సిక్కులు కూడా ఇందులోకే వస్తారు. కులాలు వేరైతే "రిజిస్టర్ మ్యారేజ్" చేసుకోవాల్సిందే అని చాలామంది అనుకుంటారు, అది తప్పు. కులాంతర పెండ్లి గుళ్లో జరిగినా, ఇంటి ముందు పందిట్లో జరిగినా హిందూ చట్టం కిందే నమోదవుతుంది. మతాలు వేరై, ఎవరి మతం వారు ఉంచుకునే పెండ్లి చేసుకోవాలంటే 1954 ప్రత్యేక వివాహ చట్టం. మహబూబాబాద్, ములుగు వైపు వాళ్లు గమనించాల్సింది ఇంకొకటి ఉంది: హిందూ వివాహ చట్టం 2(2) సెక్షన్ ప్రకారం ఆ చట్టం షెడ్యూల్డ్ తెగలకు దానంతటదే వర్తించదు. ఇద్దరూ లంబాడీలో, కోయలో అయితే ఏ చట్టం కింద నమోదు చేస్తున్నారో ముందే అడిగి తెలుసుకోండి. అన్ని మతాల పెండ్లిళ్లకూ నమోదు తప్పనిసరి చేస్తూ ఉమ్మడి రాష్ట్రంలో 2002లోనే ఒక చట్టం వచ్చింది. ఊళ్లలో పంచాయతీ కార్యదర్శి దగ్గర జరిగే నమోదు దాని కిందిదే.

మేనరికం సంగతి వేరే చెప్పాలి. మేనమామ బిడ్డను, మేనత్త కొడుకును చేసుకోవడం హిందూ చట్టం లెక్క ప్రకారం నిషిద్ధ సంబంధమే. కాని ఆచారం ఉంటే చెల్లుతుందని ఆ చట్టమే మినహాయింపు ఇచ్చింది, మన దగ్గర ఆ ఆచారం ఉంది కాబట్టి పేచీ లేదు. ప్రత్యేక వివాహ చట్టంలో అంత సులువు కాదు. అక్కడ ఆచారం అంటే రాష్ట్ర ప్రభుత్వం గెజిట్‌లో ప్రకటించినదే. మేనరికం పెండ్లిని ఆ చట్టం కిందికి తీసుకుపోవడం కోరి తలనొప్పి తెచ్చుకోవడమే.

ప్రత్యేక వివాహ చట్టంలో పెండ్లి కంటే ముందు నోటీసు ఉంటుంది. నోటీసు ఇచ్చే నాటికి ఇద్దరిలో ఒక్కరైనా ఆ మ్యారేజ్ ఆఫీసర్ (మన దగ్గర సబ్ రిజిస్ట్రారే) పరిధిలో కనీసం 30 రోజులుగా ఉంటూ ఉండాలి. చట్టంలో దీన్ని "జిల్లా" అన్నారు గాని, అర్థం మాత్రం ఆ ఆఫీసర్‌ను ఏ ప్రాంతానికి నియమించారో ఆ ప్రాంతం. మన దగ్గర ఇది తికమక పెడుతుంది. 2016లో పాత వరంగల్ జిల్లా ముక్కలైంది. 2021లో వరంగల్ అర్బన్ హనుమకొండ అయింది, రూరల్ వరంగల్ అయింది. కాజీపేటలో ఉండేవారి ఆధార్‌లో ఇప్పటికీ "వరంగల్" అనో "వరంగల్ అర్బన్" అనో కనిపిస్తుంది. పాత జిల్లా పేరు చూసి వరంగల్ ఆఫీసుకు పోతే మీది ఇక్కడ కాదనొచ్చు. జిల్లా పేరు పక్కన పెట్టి, మీ కాలనీ ఏ సబ్ రిజిస్ట్రార్ పరిధిలో ఉందో కనుక్కోండి. హిందూ వివాహ నమోదుకు పోయేవాళ్లకూ ఇదే మాట.

నోటీసు ఆఫీసు బోర్డు మీద పెడతారు. ఇద్దరిలో ఎవరి శాశ్వత నివాసమైనా వేరే ఆఫీసర్ పరిధిలో ఉంటే అక్కడికి కూడా ఒక నకలు పోతుంది, అక్కడి బోర్డు మీదా పెడతారు. ఇంట్లో తెలియకుండా చేసుకోవాలనుకునే జంటలకు గుట్టు రట్టయ్యేది ఇక్కడే. వరంగల్‌లో నోటీసు ఇస్తే నర్సంపేట బోర్డు చెప్పేస్తుంది. అయితే అభ్యంతరం పెట్టాలంటే చట్టంలోని కారణాలే ఉండాలి: ముందే జీవిత భాగస్వామి ఉండడం, సమ్మతి ఇవ్వలేని మానసిక స్థితి, వయసు చాలకపోవడం, నిషిద్ధ సంబంధం. "మా కులం కాదు", "మాకు ఇష్టం లేదు" అన్నవి అభ్యంతరాలు కావు.

30 రోజులు గడిచాక పెండ్లి. నోటీసు ఇచ్చిన నాటి నుంచి మూడు నెలల్లోపు కాకపోతే అది మురిగిపోతుంది, మళ్లీ మొదటికి రావాలి. జనవరి 5న ఇచ్చి శ్రావణమాసం దాకా ఆగుదామంటే కుదరదు. పెండ్లి రోజు ముగ్గురు సాక్షులు కావాలి. ఒకరినొకరు భార్యాభర్తలుగా స్వీకరిస్తున్నామని ఆఫీసర్ ముందు, సాక్షుల ముందు పలకాలి. ఇద్దరికీ అర్థమయ్యే ఏ భాషైనా సరే, నిక్షేపంగా తెలుగులో చెప్పవచ్చు. అమ్మాయికి 18, అబ్బాయికి 21 నిండితే చాలు. కాని ఎప్పుడో జరిగిన పెండ్లిని ఈ చట్టం 15వ సెక్షన్ కింద నమోదు చేయించాలంటే నమోదు రోజుకు ఇద్దరికీ 21 నిండాలి. పందొమ్మిదేళ్ల పెండ్లికూతురు ఆగిపోయేది ఇక్కడే.

హిందూ చట్టం కింద కాగితాలు ఎక్కువేం కావు: పెండ్లికార్డు, ఇద్దరి మెమోలు, ఆధార్లు, పాస్‌పోర్టు సైజు ఫొటోలు, పెండ్లి ఫొటో, ఆధార్లతో ముగ్గురు సాక్షులు. గుళ్లో చేసుకుంటే దేవస్థానం రసీదు పారేయకండి. విడాకులైన వారికి కోర్టు డిక్రీ, భాగస్వామి పోయిన వారికి మరణ ధ్రువపత్రం అదనం. పెండ్లి ఫొటో దగ్గర ఒక జాగ్రత్త. ఆల్బమ్ చేతికి రావడానికి నెలలు పడుతుంది. ఉన్న ఫొటోల్లోనేమో బాసికం, పూలజడ, తలంబ్రాల నడుమ ముఖాలే కనిపించవు. తాళి కట్టాక ఇద్దరినీ పక్కపక్కన నిలబెట్టి, ముఖాలు సూటిగా కనిపించేలా ఒక్క ఫొటో తీసి అదే రోజు ఇవ్వమని ఫొటోగ్రాఫర్‌కు ముందే చెప్పండి. కళ్యాణలక్ష్మికి మీసేవలో పెట్టాం కదా, నమోదు అయిపోయినట్టే అనుకునేవారూ ఉన్నారు. అది ఆర్థిక సాయం దరఖాస్తు, దీనితో సంబంధం లేదు.

అమెరికా సంబంధాల్లో ఇంకో తొందర ఉంటుంది: నిశ్చితార్థం కాగానే సర్టిఫికెట్ తీసి వీసాకు పెడదాం, పెండ్లి తర్వాత చేద్దాం అని. అక్కడి కౌంటీ పద్ధతి విని ఇక్కడా అంతే అనుకోవడం వల్ల వచ్చే పొరపాటు ఇది. టెక్సాస్‌లో కౌంటీ క్లర్కు ముందు లైసెన్సు ఇస్తారు, మామూలుగా 72 గంటలు ఆగాక పెండ్లి. లైసెన్సు అంటే చేసుకోవడానికి అనుమతి. హిందూ చట్టంలో అనుమతి అనేదే లేదు. జరిగిన పెండ్లిని రాసుకోవడమే ఉంది. సంప్రదాయ క్రతువు ఏదీ లేకుండా వట్టి సర్టిఫికెట్‌తో పెండ్లి అయినట్టు కాదని 2024లో సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది. నిజంగా తొందరుంటే పదిమందితో గుళ్లో చేసి, ఆ తేదీతో నమోదు చేయించుకోవడమే దారి.

సంతకాలు పెట్టే ముందు ఎంట్రీని మెమో పక్కన పెట్టుకుని అక్షరం అక్షరం చదవండి. తండ్రి పేరు, పుట్టిన తేదీ, ఇంటి నంబరు మరీ ముఖ్యం. అదే రోజు రెండు మూడు సర్టిఫైడ్ కాపీలు అడిగి తీసుకోండి. ఇంటికి రాగానే ఎవరో ఒకరు భద్రంగా ఉంటుందని ఒరిజినల్‌ను జిరాక్స్ షాపుకు తీసుకుపోయి లామినేషన్ చేయిస్తారు. అది మాత్రం చేయనివ్వకండి. విదేశానికి పోవాల్సిన సర్టిఫికెట్‌కు అపోస్టిల్ ముద్ర (అక్కడ చెల్లడానికి విదేశాంగ శాఖ వేసే ధ్రువీకరణ) పడేది ఆ కాగితం మీదే, ప్లాస్టిక్ మీద పడదు.