త్రిభుజం, ముసల్లస్

మన బడిలో త్రిభుజానికి రెండు పేర్లుండేవి. మెట్లెక్కి కుడివైపుకు పోతే అది త్రిభుజం. ఎడమ వరండా చివరి గదుల్లో అదే ముసల్లస్. కోణం అక్కడ జావియా, వృత్తం దాయిరా. ఆరో తరగతిలో చేర్పించిన రోజు ఆఫీసు రూములో గుమాస్తా మా నాన్నను అడిగింది ఒకటే మాట, "ఏ మీడియం?" నాన్న తెలుగు అన్నాడు. మా వెనక నిలబడ్డాయన ఉర్దూ అన్నాడు. ఆయన చెయ్యి పట్టుకుని ఉన్న పిల్లవాడూ నేనూ ఆ తర్వాత నాలుగేళ్ళు ఒకే గంటకు లోపలికి పోయాం, ఒకే గంటకు బయటికొచ్చాం, ఒకే కుళాయి దగ్గర నీళ్ళు తాగాం. ఒక్క పాఠం కూడా కలిసి వినలేదు.

కర్నూలు పాతబస్తీలో పెరిగినవాళ్ళకు ఇందులో వింతేమీ కనిపించదు. 1839 దాకా నవాబులు ఏలిన ఊరు, 1947లోనే ఉస్మానియా కాలేజీ పెట్టుకున్న ఊరు. మన బడిలో ఏ, బీ సెక్షన్లు తెలుగు, సీ సెక్షన్ ఉర్దూ. మాకు తెలుగు ఫస్ట్ లాంగ్వేజి, హిందీ సెకండ్. వాళ్ళకు ఉర్దూ ఫస్ట్, తెలుగు సెకండ్. ఇంగ్లీషు ఇద్దరికీ మూడోదే. ఏ సెక్షన్లో కొందరు కాంపోజిట్ కోర్సు తీసుకుని తెలుగుతో పాటు సంస్కృతం చదివేవాళ్ళు. ఆ పీరియడ్లో వాళ్ళు లేచి లైబ్రరీ గదికి పోతే మాకు బెంచీల మీద కాస్త చోటు దొరికేది. లెక్కలు, ఫిజికల్ సైన్సు, బయలాజికల్ సైన్సు, సోషల్ అందరికీ ఉండేవి. పబ్లిక్ పరీక్షలో సెకండ్ లాంగ్వేజికి ఒక పేపరు, రెండు సైన్సులకూ ఒక్కొక్కటి, మిగతా అన్నిటికీ రెండేసి, మొత్తం 11 పేపర్లు, 600 మార్కులు. డ్రాయింగు, క్రాఫ్టు, డ్రిల్లు కూడా టైంటేబుల్లో ఉండేవి గానీ పదో తరగతికి వచ్చేసరికి ఆ పీరియడ్లన్నీ లెక్కలకే పోయాయి. ఆ డ్రాయింగు క్లాసు పోయిందనే బాధ నాకు ఇప్పటికీ ఉంది.

1993 జూన్‌లో మేం పదికి వచ్చాం. ఆ వేసవిలోనే ఉర్దూ మీడియం ఫిజికల్ సైన్సు సార్ బదిలీ మీద పోయారు. ఆ పోస్టులోకి ఏడాదంతా ఎవరూ రాలేదు. బోర్డు మీద ఉర్దూ మీడియం అని రాసి, పాఠం చెప్పే మనిషిని ఇవ్వకపోవడం ఆ పిల్లలకు చేసిన అన్యాయం. ముప్పై ఏళ్ళు దాటినా ఆ మాట అనకుండా ఆ ఏడాది గురించి రాయలేను. ఆగస్టు దాకా చూసి మాకు తెలుగులో ఫిజికల్ సైన్సు చెప్పే సార్ వాళ్ళను మా గదిలోకి తెచ్చి కూర్చోబెట్టారు. బెంచీకి నలుగురం అయ్యాం. ఆఫీసు రూములో నా వెనక నిలబడ్డ పిల్లవాడు నా పక్కకొచ్చాడు.

సార్‌కు ఉర్దూ రాదు. అయినా మొదటి రోజే నల్లబల్ల మధ్యలో నిలువుగా గీత గీశారు. ఎడమవైపు తెలుగు మాట రాసి, వెనక్కి తిరిగి, "మీ పుస్తకంలో దీన్ని ఏమంటారు నాయనా?" అని అడిగేవారు. సీ సెక్షన్ నుంచి ఒకడు లేచి చెప్పాలి, వాడే వచ్చి కుడివైపు ఉర్దూలో రాయాలి. పరమాణువు పక్కన జౌహర్. విద్యుత్ ప్రవాహం పక్కన బర్ఖీ రౌ. మొదట్లో వాళ్ళు లేవడానికి సిగ్గుపడ్డారు. దసరా సెలవులయ్యేసరికి సుద్దముక్క కోసం పోటీ.

ల్యాబులో సన్నటి వస్తువుల మందం కొలిచే స్క్రూగేజీలు మూడుంటే పనిచేసేది ఒకటే. పిచ్, అంటే ఒక చుట్టుకు మర జరిగే దూరం, ఒక మిల్లీమీటరు, తల స్కేలు మీద 100 గీతలు, కనుక కనీసపు కొలత 0.01 మిల్లీమీటరు. ఈ ముక్క మేం నిద్రలో లేపినా చెప్పేవాళ్ళం. పరికరం చేతికొస్తే మాత్రం ఏం చూడాలో తెలిసేది కాదు. నా పక్కవాడి నాన్నకు బుధవారపేటలో సైకిల్ షాపు. వాడు జేబులోంచి చక్రం పుల్ల ఒకటి తీసి స్క్రూగేజీలో పెట్టాడు. రాచెట్ టిక్ టిక్‌మనే దాకా తిప్పి చూస్తే పిచ్ స్కేలు మీద 2, తల స్కేలు మీద 4. నేను వెంటనే 2.04 అని రాసేశాను. వాడు పుల్ల తీసేసి, మళ్ళీ ఖాళీగా తిప్పి, కంటి దగ్గర పెట్టుకుని చూశాడు. సున్నా గీత అడ్డగీతకు కిందుగా ఆగింది, మూడు గీతల తేడా. "ఇది ఎప్పుడూ మూడు గీతలు ఎక్కువ చెప్తాది. తీసెయ్యల్ల" అన్నాడు. 2.01. శూన్యాంశ దోషం, సవరణ అని నేను నోట్సులో రెండుసార్లు రాసుకున్న పాఠం అదే. అప్పటిదాకా నాకు అది రెండు మార్కుల ప్రశ్న.

సాయంత్రాలు ఆ షాపులో కూర్చునేవాళ్ళం. సార్ చెప్పింది తెలుగులో, వాడు పరీక్ష రాయాల్సింది ఉర్దూలో. అందుకని ఇద్దరికీ కలిపి 200 పేజీల లాంగ్ నోట్‌బుక్ ఒకటి కొన్నాం. నేను ముందు అట్ట నుంచి తెలుగులో రాసేవాణ్ణి. నేను చదివి వివరిస్తుంటే వాడు పుస్తకం తిప్పి వెనక అట్ట నుంచి ఉర్దూలో రాసేవాడు. వాడి వాక్యం కుడి నుంచి ఎడమకు పోతూ పోతూ, సమీకరణం వచ్చేసరికి ఎడమ నుంచి కుడికి నడిచేది. మళ్ళీ మాట రాగానే వెనక్కి. గ్రీజు మరకలు రెండు వైపులా ఉండేవి.

ఆ పుస్తకం వల్ల వాడికి ఎంత లాభమయిందో నాకు అంతకంటే ఎక్కువే అయిందని చెప్పాలి. ఒకరోజు బయాలజీ చదువుతూ కిరణజన్య సంయోగక్రియకు మీ పుస్తకంలో ఏముందని అడిగాను. జియాయీ తాలీఫ్ అన్నాడు. అంటే? జియా అంటే వెలుగు, తాలీఫ్ అంటే కూర్చడం, చేర్చడం అని చెప్పాడు. అప్పుడు నా మాట వైపు చూసుకున్నాను. కిరణం వల్ల పుట్టిన కలయిక. ఏడో తరగతి నుంచీ ఆ మాటను తప్పులేకుండా రాస్తున్నాను గానీ దానికి అర్థం ఉంటుందని నాకు తోచలేదు. ముసల్లస్ సంగతీ అంతే. అరబీలో సలాసా అంటే మూడు, దాన్నుంచే వచ్చిందని వాడు చెప్పాక త్రిభుజంలో ఉన్న 'త్రి' నా కంటపడింది. హైదరాబాదులో 1918లో ఉర్దూ మాధ్యమంగా ఉస్మానియా విశ్వవిద్యాలయం మొదలైనప్పుడు, శాస్త్రాలకు ఉర్దూ మాటలు కుదర్చడానికి ప్రత్యేకంగా ఒక అనువాద సంస్థ పనిచేసిందని చాలా ఏళ్ళ తర్వాత చదివాను. చదువుతుంటే ఆ షాపులో ట్యూబుకు పంక్చర్ వేసే సొల్యూషన్ వాసన గుర్తొచ్చింది.

1994 మార్చిలో పరీక్షలు రాశాం. రిజల్ట్స్ పేపర్లో పడిన రోజు బస్టాండు దగ్గర ఒకే పేపరు మీద వంగి ఇద్దరి నంబర్లూ వెతికాం. రెండూ ఉన్నాయి.

నేను బీఈడీ చేసి, డీఎస్సీ రాసి లెక్కల మాస్టర్ని అయ్యాను. పత్తికొండ వైపు జిల్లా పరిషత్ హైస్కూల్లో చెబుతున్నాను. ఇప్పుడు మా పిల్లల పుస్తకాల్లో ఒక పేజీ ఇంగ్లీషు, ఎదురు పేజీ తెలుగు. మొదటిసారి ఆ పుస్తకం చేతికొచ్చినప్పుడు స్టాఫ్ రూములో చాలాసేపు తిరగేస్తూ కూర్చున్నాను. నేను బోర్డు మీద గీత గీస్తాను. ట్రయాంగిల్ అని రాసి, త్రిభుజం అని రాసి, ఇంట్లో ఉర్దూ మాట్లాడే పిల్లలుంటే మీ ఇంట్లో మూడును ఏమంటారని అడుగుతాను. తీన్ అంటారు. అక్కణ్ణుంచి మొదలుపెడతాను.

వాడు నాన్న షాపే చూసుకున్నాడు. 2009 అక్టోబరు 2న తుంగభద్ర, హంద్రీ కలిసి ఊరి మీద పడినప్పుడు బుధవారపేటలో వాళ్ళ ఇంటినిండా నీళ్ళే. నోట్‌బుక్ వాడి దగ్గరే ఉండేది. నీళ్ళు తీసిన నాలుగో రోజు పోయాను. బురద ఎత్తిపోస్తూనే, "పుస్తకం పోయింది రా" అన్నాడు. ఇల్లంతా పోయి ఉంటే, నన్ను చూడగానే వాడికి ముందు గుర్తొచ్చింది అదే.

మన బడి పాత విద్యార్థుల ఈ సంచిక పనులు మొదలైనప్పుడు కమిటీ తమ్ముళ్ళు మా బ్యాచ్ పేర్ల జాబితా పంపి సరిచూడమన్నారు. ఏ సెక్షన్ ఉంది, బీ సెక్షన్ ఉంది. సీ సెక్షన్ లేదు. ఎవరూ కావాలని చేసింది కాదు, తెలిసిన ఫోన్ నంబర్లన్నీ ఇటువైపువే. అయినా నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మర్నాడు షాపుకు పోయి జాబితా చూపించాను. వాడు కళ్ళద్దాలు పెట్టుకుని మొత్తం చదివి, ఏమీ అనకుండా, లోపలి నుంచి పెన్ను తెచ్చి తన సెక్షన్ పేర్లు రాయడం మొదలుపెట్టాడు. ఇరవై ఆరు గుర్తొచ్చాయి. మిగతావి ఫోన్లు చేసి కనుక్కున్నాడు. నువ్వు కూడా ఒక వ్యాసం రాయమన్నాను. "తెలుగులో రాయలేను, ఉర్దూలో అయితే రాస్తా. వేస్తారా?" అన్నాడు.

కమిటీవాళ్ళు వేస్తామన్నారు. ఉర్దూ డీటీపీ చేసేవాళ్ళు ఊళ్ళోనే దొరికారు. మీ చేతిలో ఉన్న ఈ పుస్తకాన్ని ఒకసారి తిప్పి, వెనక అట్ట వైపు నుంచి తెరవండి. మొదటి పేజీ వాడిది.