హోసు పగిలిన రోజు

పొద్దున్న అమ్మని కళ్ళ డాక్టర్ దగ్గరికి తీసుకెళ్ళాలని ఏడున్నరకే బయల్దేరాం. బండి ఎప్పట్లాగే ఒక్క సెల్ఫ్‌కే అందుకుంది, చప్పుడేం లేదు, డాష్‌బోర్డులో లైటేం వెలగలేదు. రెండో సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు చూస్తే టెంపరేచర్ ముల్లు ఎప్పుడూ ఉండే చోటు కన్నా కాస్త పైకి ఉంది. ఈ బండి నా దగ్గరికొచ్చినప్పట్నుంచీ ఆ ముల్లు సగానికి వెంట్రుకవాసి కిందే నిలబడుతుంది, అది నాకు బాగా అలవాటైపోయింది. గ్రీన్ పడేలోపు ఇంకొంచెం ఎక్కింది. వెంటనే ఏసీ ఆపేసి కిటికీలు దించి హీటర్ ఫుల్లు పెట్టేశా, "ఇదేంటే ఇంత ఎండలో హీటరు" అంది అమ్మ. హీటర్లోకి వచ్చేది ఇంజిన్ని చల్లబరచడానికి లోపల తిరిగే కూలెంట్ ద్రవమే కదా, ఇంజిన్ వేడి తీసుకుని కాలిపోతూ ఉంటుంది, అది వేస్తే ఇంజిన్ వేడి కొంత మన మీదకి వచ్చేస్తుంది, పక్కన ఆపుకునేదాకా అది చాలు. ఎర్ర గీతకి ఇంకా చాలా దూరం ఉండగానే ఆపేశా. ఇంకో కిలోమీటరే కదా అని లాగిస్తే ఇంజిన్ పై భాగం, అంటే హెడ్, వంగిపోతుంది, దాని కింద అతుకు కారకుండా ఉండే హెడ్ గ్యాస్కెట్ పోతుంది, అప్పుడయ్యే ఖర్చు ఇంత పాత బండికి పెట్టడం దండగ అని అందరూ అనేంత ఉంటుంది.

అమ్మని క్యాబ్ ఎక్కించి పంపించేసి నేను అక్కడే ఉండిపోయా. వేడి మీద రేడియేటర్ మూత తియ్యకూడదు, లోపల ప్రెషర్ ఉంటుంది, మూత వదులవ్వగానే మరిగే నీళ్ళు మొహం మీదకి చిమ్ముతాయి. నలభై నిమిషాలు ఆగి, ఇంజిన్ నుంచి రేడియేటర్‌కి కూలెంట్ వెళ్ళే రబ్బరు గొట్టం, పై హోసు, చేత్తో పట్టుకుంటే కాలకుండా ఉన్నాక అప్పుడు తీశా. ఆ హోసు రేడియేటర్‌కి బిగించే క్లాంపు పక్కన ఆకుపచ్చగా పొడి పొడిగా ఏదో పేరుకుపోయి ఉంది, గోరుతో గీకితే పొలుసులా రాలింది. కారిన కూలెంట్ అక్కడే ఎండిపోయి అలా అయింది, అంటే ఇవాళ మొదలైంది కాదు, కొన్ని వారాల నుంచి చుక్క చుక్క పోతూనే ఉంది. హోసు వంచి చూస్తే కింది వైపు చిన్న చీలిక. రిజర్వాయర్ డబ్బాలో లెవెల్ చూసి నెల దాటింది నేను. వారం వారం చూసుంటే మినిమమ్ గీత కిందకి దిగుతున్నప్పుడే తెలిసిపోయేది, అర నిమిషం పని, అది చెయ్యలేదు.

డిక్కీలో ఉన్న నీళ్ళు పోసుకుని, మెకానిక్ అన్న షెడ్డు రెండు కిలోమీటర్లే కాబట్టి ముల్లు మీదే కళ్ళు పెట్టుకుని మెల్లగా వెళ్ళా. అన్న హోసు చూసి ఊరుకోలేదు, రేడియేటర్ మూత తీసి ఆ చోట చేతిపంపు లాంటి ప్రెషర్ టెస్టర్ బిగించి కొట్టాడు. కారుతున్న చోట హోసుని గట్టిగా బిగించి పెట్టినా టెస్టర్ ముల్లు నిలబడలేదు, నెమ్మదిగా దిగుతూనే ఉంది. "ఇంకెక్కడో కూడా పోతోందమ్మా" అని టార్చి పట్టుకుని కింద దూరి చూస్తే కూలెంట్‌ని తిప్పే వాటర్ పంప్ దగ్గర తడి.

ఇక్కడే నాకు గుండె గుభేల్‌మంది. నా బండిలో వాటర్ పంప్‌ని తిప్పేది టైమింగ్ బెల్టే, ఇంజిన్లో పిస్టన్లూ వాల్వులూ ఒకదానికొకటి లెక్క తప్పకుండా కదిలేలా చూసే బెల్టు అది. పోయిన ఏడాది ఆ బెల్టు మార్పించినప్పుడు అన్న స్పష్టంగా చెప్పాడు, పంపు కూడా మార్చెయ్యమ్మా, ఎలాగూ అంతా విప్పాం కదా అని. పంపు బానే ఉందిగా అని నేనే వద్దన్నా. ఇప్పుడు ఆ పంపు కోసం ఇంజిన్ మౌంట్ విప్పి, కవర్లు విప్పి, బెల్టు తీసి, టైమింగ్ మార్కులు చూసుకుని మళ్ళీ అంతా బిగించాలి. పంపు ధర కన్నా ఆ విప్పి బిగించే కూలీ ఎక్కువ, అదే కూలీ నేను రెండోసారి కడుతున్నా. బెల్టు మీద కూలెంట్ పడిందేమో అని అనుమానం, అందుకే ఏడాది బెల్టే అయినా మార్చెయ్యమన్నా. నా ఇంజిన్లో బెల్టు తెగితే పిస్టన్లు వచ్చి వాల్వులకి తగులుతాయి, అక్కడ మాత్రం నేను రిస్కు తీసుకోను.

పాత బండి విషయంలో ఇన్నేళ్ళకి నాకు గట్టిగా అర్థమైంది ఇదే, మనల్ని ముంచేది స్పేర్ పార్టు ధర కాదు, విప్పే కూలీ. ఒకచోట విప్పితే ఆ చుట్టుపక్కల వయసైపోయినవన్నీ అప్పుడే మార్చెయ్యాలి. క్లచ్ ప్లేట్ కోసం గేర్‌బాక్స్ దింపితే రిలీజ్ బేరింగ్ కూడా, కూలెంట్ దింపితే హోసులూ థర్మోస్టాటూ మూతా కూడా. ఇవాళ అన్నీ రాయించా, కింది హోసు చూడ్డానికి బానే ఉన్నా సరే.

ఇంకోటి, అందరూ అడిగేది ఎన్ని కిలోమీటర్లు తిరిగింది అని. 2010 మోడల్ ఇది, 2018లో 58,000 కిలోమీటర్ల దగ్గర కొన్నా, ఇప్పుడు 1,41,000. ఇంజిన్ ఇప్పటికీ ఆయిల్ తాగదు. పోయేవన్నీ రబ్బరువే, అవి తిరిగినా తిరక్కపోయినా ముసలివవుతాయి. లోయర్ ఆర్మ్ బుష్‌లు, చక్రాన్ని తిప్పే డ్రైవ్ షాఫ్ట్ జాయింట్‌కి గ్రీజు నిలిపే రబ్బరు తొడుగు (బూట్), వాల్వ్ కవర్ గ్యాస్కెట్, ఇప్పుడీ హోసు. ఆ బూట్ చిరిగినప్పుడు చక్రం లోపలి వైపంతా గ్రీజు చిమ్మి ఉంది, వెంటనే మార్పించా కాబట్టి బూట్‌తో పోయింది, ఇంకో రెండు నెలలు ఆగుంటే మలుపుల్లో టకటకమని జాయింటే పోయేది. టైర్లు కూడా అంతే, గాడి ఎంతున్నా పక్కన నాలుగంకెలు చూడాల్సిందే, 3519 అంటే 2019లో 35వ వారం తయారైంది అని. బ్రేక్ ఆయిల్ అయితే గాల్లో తేమ పీల్చుకుంటుంది, రెండేళ్ళకోసారి మార్చాల్సిందే.

తమ్ముడు ఫోన్ చేశాడు, "అక్కా, ఇంకెన్నాళ్ళు దాని మీద పోస్తావు, అమ్మేసెయ్" అని. వాడి బాధ నాకు తెలుసు, అమ్మ రోడ్డు మీద ఇరుక్కుంటుందని భయం. కానీ నా దగ్గర నోట్‌బుక్ ఉంది, కొన్న రోజు నుంచి ప్రతి బిల్లూ తేదీ, కిలోమీటర్లు వేసి రాసుకున్నా. ఇవాళ్టి పంపు, బెల్టుతో కలిపినా ఈ ఏడాది మొత్తం రిపేర్ల ఖర్చు వాడి కొత్త కారు నాలుగు నెలల వాయిదాలంత లేదు, పైగా వాడిది ఏడాదేడాదికి ధర పడిపోతోంది, నాది పడాల్సిందంతా ఎప్పుడో పడిపోయింది. కష్టం ఎక్కడంటే వాయిదా నెల నెలా చెప్పి వస్తుంది, రిపేరు చెప్పకుండా ఒకేసారి వచ్చి పడుతుంది. అందుకే నేను కూడా వాయిదా కడుతున్నట్టే నెలకింత అని విడిగా వేస్తున్నా, ఇవాళ అందులోంచే తీశా, ఇంట్లో డబ్బు ముట్టుకోలేదు. ఇది చెప్తే వాడు కాసేపు ఆగి "సరే, కనీసం లెవెల్ అన్నా చూసుకో" అన్నాడు. ఆ మాట మాత్రం నిజం, దానికి నా దగ్గర జవాబు లేదు.

బండి రేపు సాయంత్రం ఇస్తానన్నాడు అన్న. పాత హోసు కవర్లో వేయించుకుని ఇంటికి తెచ్చా. పైనుంచి చూస్తే నల్లగా బానే కనిపిస్తోంది, రెండు వేళ్ళ మధ్య నొక్కితే చీలిక నోరు తెరుస్తుంది, లోపల దారాలు తెల్లగా బయటికొచ్చాయి. అమ్మ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి "ఇంత చిన్నదా" అంది. అమ్మని మళ్ళీ సోమవారం చూపించాలి. ఆలోపు రెండు రోజులు దగ్గర్లోనే తిప్పి, పొద్దున్నే ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు లెవెల్ చూడాలి. కొత్తగా కూలెంట్ నింపినప్పుడు లోపల చిక్కుకున్న గాలి బయటికొచ్చేస్తే మొదట్లో లెవెల్ కొంచెం దిగొచ్చన్నాడు అన్న, అది ఆగాకే అమ్మని ఎక్కిస్తా.