ఎంగిలి వేలు

మండీలో పద్దులు రాసేవాడి ఆస్తి రెండే. చెవి వెనక పెన్ను, ఎంగిలి చేసుకున్న బొటనవేలు. నోట్లు లెక్కపెట్టాలంటే వేలు నాలుకకు తగలాల్సిందే, నాకది పన్నెండేళ్ల అలవాటు. 2020 మార్చిలో మాస్కు కట్టుకున్న మొదటి రోజు ఆ వేలు పోయి గుడ్డకు తగిలింది. సాయంత్రానికి మూతి దగ్గర నల్లటి మచ్చ.

చెన్నై కోయంబేడులో టమాటా మండీ గుమాస్తాని. మాది మదనపల్లె పక్క పల్లె. లాక్‌డౌన్‌లో ఊరంతా మూసినా మాకు సెలవు లేదు. మదనపల్లె, కోలారు లోడ్లు రాత్రికి దిగాల్సిందే. లారీ అద్దానికి ‘అత్యవసర సేవలు’ అని కాగితం ఉండేది. నాకు ఏ కాగితమూ లేదు. నెర్కుండ్రం గది నుంచి నడిచి పోతుంటే పోలీసులు ఆపినప్పుడల్లా చొక్కా మీది టమాటా మరకలు చూపించేవాణ్ణి.

ఏప్రిల్ 25, శనివారం. మర్నాటి నుంచి నాలుగు రోజులు పూర్తి బంద్ అని ముందురోజే ప్రకటించారు. ఇక చూడాలి జనాన్ని! ట్రే దించీ దించకముందే ఖాళీ. దూరం పాటించమని మైకులో చెబుతున్నారు, కాలు పెట్టే చోటు లేదు. మాట వినపడట్లేదని ఒకాయన మాస్కు కిందికి లాగి బేరమాడాడు. నేనూ లాగాను. ఇక ఆరోజంతా వేలు నాలుక మీదికే పోయింది. ఎన్నిసార్లో లెక్క లేదు.

తర్వాత వార్తల్లో మా మార్కెట్ పేరే. మే 5న మూసేశారు. మా హమాలీల్లో అరియలూరు వెళ్లిన ఇద్దరికి పాజిటివ్. వాళ్ల కూలీ నోట్లు లెక్కపెట్టి ఇచ్చింది నేనే. ఏప్రిల్‌లో “తంబీ, నాకూ రెండు కిలోలు” అని సంచి చేతికిచ్చిన ఓనరమ్మ, ఇప్పుడు మెట్ల మీదే నిలబడి కింది కొళాయి ముట్టుకోవద్దంది. ఆమెనేం అనను, ఇంట్లో ముసలాయన ఉన్నాడు.

టెస్టు చేయించుకుని ఫలితం కోసం చూస్తూ రెండు రోజులు గదిలోనే ఉన్నాను, అన్నం సయించలేదు. నెగెటివ్. ఊరికి వద్దామని ఫోన్ చేస్తే అమ్మ, “ఇప్పుడు రావాకు నాయనా, కోయంబేడు అంటే ఎవురూ గడప తొక్కనీరు” అంది. కోపం రాలేదని అబద్ధం చెప్పను.

కొద్దిరోజులకే కూరగాయల మార్కెట్‌ను తిరుమళిసైకి మార్చారు. ఖాళీ నేల మీద వేసిన కొట్లు. వానొస్తే బురద, ఆ బురదలో ట్రేలు. ముదలాళి, అంటే మా మండీ యజమాని, నాకో స్పాంజి డబ్బా కొనిచ్చాడు, బ్యాంకుల్లో ఉండేలాంటిది. అందులో వేలు తడుపుకుంటూ అమ్మకు కొత్త చోటు పేరు చెప్పాను.

“అదే చెప్పు అందరికీ. కోయంబేడు అనవాకు” అంది.