గాజులు తాకట్టు పెట్టి కార్డు మూయించాను

మామయ్య గుండె ఆపరేషన్‌కు బీమా పోగా మిగిలిన బిల్లు క్రెడిట్ కార్డు మీద కట్టాం. మొత్తం 1,20,000 రూపాయలు. ఆ తర్వాత నెలనెలా ‘కనీస మొత్తం’ ఆరు వేలు తప్పకుండా కడుతున్నా, బాకీ కదలదే!

ఒక ఆదివారం స్టేట్‌మెంట్ ముందేసుకుని లెక్క కట్టాను. వడ్డీ నెలకు మూడున్నర శాతం చొప్పున 4,200. ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ, మరో 756. అసలుకు జమయ్యేది వెయ్యి పైచిలుకే. పైగా పాత బాకీ పూర్తిగా తీరేదాకా, కొత్తగా కొన్న సరుకులకూ కొన్న రోజు నుంచే వడ్డీ. నూటికి మూడున్నర వడ్డీకి ఊళ్లో ఎవరైనా ఇస్తామంటే దండం పెట్టి వచ్చేసేవాళ్లం.

బ్యాంకులో బంగారం మీద అప్పు ఏడాదికి 9 శాతం. నెలకు 900 రూపాయలన్నమాట.

“గాజులు తాకట్టు పెట్టేదాకా వచ్చామా అమ్మా?” అన్నారు అత్తయ్య.

“జీతాన్ని ఎప్పుడో పెట్టేశాం కదా అత్తయ్యా” అని కాగితం చూపించాను. ఆమె చాలాసేపు చదివి, బీరువా తాళాలు తీశారు.

బ్యాంకులో అప్రైజరు గాజును గీటురాయి మీద రుద్ది, ఆ పసుపు గీత మీద యాసిడ్ చుక్క వేశాడు. గీత చెదరలేదు. రాళ్ల బరువు తీసేసి తూకం రాసుకున్నాడు. ముచ్చటపడి రాళ్లకు పోసిన డబ్బు అక్కడ సున్నా!

కార్డు బాకీ ఆ రోజే కట్టేశాను. అయినా కట్టిన తేదీ వరకూ పడిన వడ్డీ తర్వాతి స్టేట్‌మెంట్‌లో వచ్చింది. అదీ తీర్చాకే మూసేయమని రాతపూర్వకంగా అడిగాను. లిమిట్ పెంచుతామంటూ ఫోన్లు మొదలయ్యాయి. బాకీ లేని కార్డును అడిగిన ఏడు పనిదినాల్లో మూసేయాలని, ఆలస్యమైతే రోజుకు 500 రూపాయలు చెల్లించాలని రిజర్వు బ్యాంకు నిబంధన ఉంది. ఆ మాట ఎత్తాక పని త్వరగానే అయింది. బాకీ లేదన్న పత్రం తీసుకున్నాను. మన అప్పుల చరిత్ర చూపే సిబిల్ నివేదిక ఏడాదికి ఒకసారి ఉచితం కాబట్టి, అందులోనూ ఖాతా ‘క్లోజ్డ్’ అని పడిందో లేదో చూసుకున్నాను. బేరమాడి కొంత తగ్గించుకుని కడితే ‘సెటిల్డ్’ అని పడుతుంది, రేపు ఇంటి రుణానికి అదే అడ్డం.

ఇప్పుడూ నెలకు ఆరు వేలే కడుతున్నాను, అందులో 5,100 దాకా అసలుకే పోతోంది. అయితే బంగారం అప్పుకు గడువు ఏడాది. అప్పటికి సగం పైన తీరుతుంది. మిగతాది వడ్డీ కట్టి తిరగరాయించుకోవాలి. పట్టించుకోకపోతే వేలం నోటీసే. కార్డు బాకీ ఎంతని ఎన్నడూ అడగని అత్తయ్య, ఒకటో తారీఖు రాగానే “గాజులకు కట్టావా?” అంటున్నారు.